యాభై తొమ్మిది

గుణుపురం దాటాక, వంశధార వంతెన ఇవతల
పొట్నూరు వారి రైసుమిల్లులో లెక్కలు నావి.
ఒడియాలో వచ్చిన కాగితం తెలుగులో చదివి చెప్పడం,
ఇంగ్లీషులో వచ్చింది ఎవరికీ చెప్పకుండా ఫైల్లో పెట్టడం.
జీతం రెండింటికీ ఒకటే.

కరెంటు అగ్రిమెంటు ఇరవై రెండు పేజీలు.
ఒప్పుకున్న డిమాండు నూట యాభై కేవీఏ.
మూడు హల్లర్లు తిరుగుతాయనుకున్న ఏడు రాసుకున్నది.
ఇప్పుడు తిరిగేది ఒకటి. రెండోదాని బెల్టు మీద
పావురాలు కాపురం పెట్టాయి.
మీటరు ఎంత ఎగిరినా అరవై ఒకటి దాటదు.

బిల్లు మాత్రం నూట ఇరవైకి వస్తుంది.
తొమ్మిదో క్లాజు: వాడినది గాని,
ఒప్పుకున్నదాంట్లో ఎనభై శాతం గాని,
ఏది ఎక్కువైతే అది.
అంటే అరవై ఒకటి మేం తిన్నది.
యాభై తొమ్మిది విస్తట్లో వదిలేసి డబ్బు కట్టింది.
ఆ పైన ముప్ఫై, వండారో లేదో కూడా తెలీదు,
పేరు మాత్రం మాదే.

చేరిన కొత్తలో రథ్ బాబుని అడిగాను:
ఆ యాభై తొమ్మిదీ ఎక్కడుంటుందండీ?
తీగలోనా, స్తంభం మీదా, మీ ఆఫీసు బీరువాలోనా?
ఎక్కడా ఉండదమ్మా, అని నవ్వాడు.
మీకోసం ఖాళీగా ఉంచాం. దాని అద్దె అది.

చైతి పండగ ముందు
కొండ దిగువ గూడెం నుంచి సుంబరి గమాంగ్ వచ్చింది.
చంకలో ప్లాస్టిక్ కవరు, కవర్లో కాగితం.
ఆడవాళ్ళ సంఘం చోళ్ళ మర కొనుక్కుంది,
అయిదు హెచ్‌పీ మోటారు.
కనెక్షనుకి వచ్చిన జవాబు చదివి పెట్టమంది.
చదివాను:
"సదరు లైనుపై సామర్థ్యం యావత్తు ఇదివరకే కేటాయించబడినది."
ఎవరికి? అంది.
ఆమె తల వెనక కిటికీలో, ఆ లైను మీదే
నాలుగు గోరింకలు కూర్చున్నాయి, కేటాయింపు లేకుండా.

బస్సు కిటికీలోంచి సీటు మీద రుమాలు వేస్తారే,
అలాంటిది, అన్నాను. వేసినవాడు ఎక్కకపోయినా
అందులో ఎవరూ కూర్చోకూడదు.
ఆమె చాలాసేపు మాట్లాడలేదు.
నేను మంచినీళ్ళిచ్చాను.

ఆ రాత్రి అగ్రిమెంటు ఇంటికి తెచ్చుకున్నాను.
పద్నాలుగో క్లాజు గట్టిది:
వినియోగదారుడు తన వాడని సామర్థ్యమును
అమ్మరాదు, అద్దెకీయరాదు, దానమీయరాదు,
ఆవరణ దాటించరాదు.
దానం దగ్గర వేలు ఆగింది.
ఎవరో ఒకడు ఎక్కడో చేసే ఉంటాడు,
లేకపోతే రాసేవాడికి ఆ మాట తోచదు.

పొద్దున్నే జగన్నాయకులు గారితో అన్నాను:
కరెంటు గోడ దాటకూడదని ఉంది.
చోళ్ళు గోడ లోపలికి రాకూడదని ఎక్కడా లేదు.
ఆయన కళ్ళజోడు తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని,
క్లాజుని కాదు, నన్ను చదివాడు.
కుంచానికి ఎంతిస్తారు? అన్నాడు.

పావురాల్ని లేపి, రెండో హల్లరు పక్కకి జరిపి
మర అక్కడ బిగించారు. మంగళ, శుక్రవారాలు.
వచ్చేటప్పుడు నెత్తిన బుట్టలు,
వెళ్ళేటప్పుడు కనుబొమల దాకా పిండి.
కుంచానికి సోలెడు మిల్లుకి.
ఎలాగూ కట్టే డబ్బుకి అది ఆయన వసూలు.
సోల తగ్గించమని రెండుసార్లు అడిగాను.
మూడోసారి అడగలేదు. ఆ సంగతీ ఇక్కడ రాసిపెడుతున్నాను.

నెల తిరిగి బిల్లొచ్చింది.
మీటరు ఎక్కింది అరవై అయిదు.
కట్టవలసింది నూట ఇరవైకే, పైసా తేడా లేదు.
యాభై తొమ్మిదిలో నాలుగు
పిండయింది.

ఆ పై ముప్ఫై మాటేంటి, అంది సుంబరి.
డబ్బు కట్టరు, వాడరు, మరెవరిది?
ఇరవై రెండు పేజీలూ వెతికాను.
దాని మీద ఒక్క వాక్యం లేదు.

మొన్న గూడెం వెళ్ళాను.
బడి పక్కన కొత్త స్తంభం, సర్వి కర్ర,
తీగ లేదు, దీపం లేదు.
ఇదేంటే, అంటే
రుమాలు, అంది.